మిషన్‌ను తిన్న కాపలోడు

మార్కండేయులు నోరు తెరిస్తే సిరిసిల్లల బట్ట నేసే కరెంటు సాంచాలు సుత చప్పుడు తగ్గించి ఇంటయని బి.వై. నగర్‌ల ఒక మాటున్నది. ఆ మాట పుట్టిచ్చింది మార్కండేయులే.

నేతోళ్ళ ఇంట్ల పుట్టిండు గని మగ్గం గుంతల కాలు పెట్టలే. హైదరాబాద్‌ల ఒక పెద్ద బ్యాంకు కంప్యూటర్ సెంటర్ల నౌకరి చేసి, రిటైరైనంక కోరుట్లల ఇల్లు కట్టుకున్నడు. ఐతారం వచ్చిందంటే బస్సెక్కి సిరిసిల్లల చెల్లె లసుమవ్వ ఇంటికి వస్తడు. చెల్లె పెట్టింది తిని, ఒక కునుకు తీసి, ఎండ సల్లవడంగనే నర్సక్క హోటల్ ముంగట బల్ల మీద నడుమ జాగ పట్టుకుంటడు. హోటలంటే రేకుల కింద ఒక పొయ్యి, రెండు బల్లలు, గంతే.

ఆ ఐతారం ఆయన ఎంబడి లసుమవ్వ బిడ్డ సంధ్య సుత వచ్చింది. భుజానికి ల్యాప్‌టాప్ సంచి. మొఖంల నవ్వు లేదు.

సంధ్యది సుత మామ లైనే. చిన్నప్పుడు మామ ముచ్చట్లు ఇనీ ఇనీ మెయిన్‌ఫ్రేమ్ దిక్కు పోయింది. మెయిన్‌ఫ్రేమ్ అంటే బీరువంత కంప్యూటర్. బ్యాంకులయి, ఇన్సూరెన్సు కంపెనీలయి లక్షల మంది లెక్కలు దాని ఒక్కదాని మీదనే నడుస్తయి. అసొంటి ఒక ఇన్సూరెన్సు కంపెనీ మిషన్‌ను సంధ్య ఇంట్ల కూసోనే చూసుకుంటది. పోయినేడు ఆ మిషన్ల ఒక పని నడిమిట్ల ఆగిపోతే రెండు రోజుల దాంక ఎవలకూ తెల్వలే. ఆస్పత్రులల్ల ఆపరేషన్లకు మంజూరు రాక జనం గోసవడ్డరు. గందుకని సంధ్య పట్టువట్టి ఈవెంట్ మానిటర్ అని ఒక కాపలా సాఫ్ట్‌వేర్ పెట్టిచ్చింది. మిషన్ల ఏది కదిలినా అది రాసిపెడ్తది, ఏదన్న ఆగితే ఫోన్ కొడ్తది.

కని అది వచ్చినకాంచి మిషన్ బరువెక్కింది. తెల్లారేటాళ్ళకు ఒడువాల్సిన పని పొద్దెక్కినా ఒడుస్తలేదు. ఇప్పుడు ఆస్పత్రులల్ల డిశ్చార్జికి మూట సదురుకొని కూసున్నోళ్ళు కంపెనీ మంజూరు కోసం పగటిదాంక ఎదురుచూస్తున్నరు. “ఆ మానిటర్ మొత్తం తీసేద్దాం సంధ్యా. ఆరింటికి ఫోన్ చేస్తా, అవునో కాదో చెప్పు,” అన్నడు హైదరాబాద్‌ల ఉండే మేనేజర్ విశ్వజిత్. తీసేస్తే మల్ల గుడ్డి మిషనే. ఉంచితే రోగుల ఉసురు. పెట్టిచ్చింది తనే, తీసుడా ఉంచుడా చెప్పాల్సింది సుత తనే.

హోటల్‌కు నడిచే తొవ్వల మామను అడిగింది. “మామా, మీ బ్యాంకుల మానిటర్ మిషన్‌ను ఎంత తినేది? నిజం చెప్పు. తీసుడా ఉంచుడా అని ఆరింటికి మా సారు ఫోన్ చేస్తడు.”

మార్కండేయులు నడిచేటోడు ఆగిండు. నౌకరి ఇడిసినకాంచి ఆ సవాలు ఆయన్ను ఎవలూ అడుగలే. “చెప్త బిడ్డా. గిట్ల నడుసుకుంట చెప్పే ముచ్చట కాదిది. పా, చాయ్ తాగుదాం,” అన్నడు. చాయ్ బల్ల కాడ మామ కోతలే కోస్తడని సంధ్యకు ఎరికే.

హోటల్ కాడ ఇద్దరు కూసోని ఉన్నరు. ఒకాయన ఎనుక సందుల ఎనిమిది సాంచాలున్న ఆసామి దశరథం. ఇంకొకాయన కొడిమ్యాలల మామిడితోట ఉన్న లింగన్న, ఈడ బిడ్డ ఇంటికి వచ్చిండు. మార్కండేయులు నడుమ కూసున్నడు, చాయ్ గిలాస అందుకున్నడు, ఊదిండు, ఒక గుక్క తాగిండు.

“మానిటర్ తీసుడా ఉంచుడా అని ఆరింటికి మా సంధ్యకు వాళ్ళ సారు ఫోన్ చేస్తడట. గందుకే నన్ను ఒకటి అడిగింది,” అని షురూ చేసిండు. “శనివారం పగటీలి. నేను షిఫ్టు ఇన్‌ఛార్జిని. జొన్నరొట్టె డబ్బా ఇప్పిన, ఒక ముక్క నోట్ల పెట్టుకున్న, గప్పుడే స్క్రీన్ దిక్కు చూస్తె మిషన్ జెర మెల్లగ నడుస్తున్నది. ఎవలకూ కండ్లవడలే, నాకు వడ్డది. చూడంగ చూడంగ తేలిందేంది, కాపలాకు పెట్టిన మానిటరే మిషన్ సత్తువల నూట్ల ఆరు పాళ్ళు తింటున్నది.”

సంధ్య చెవులు అటే పెట్టింది. నూట్ల ఆరంటే నమ్మే లెక్కనే.

“మానిటరంటే ఏందన్నా?” అన్నడు దశరథం.

“నీ సాంచాల కాడ ఒక సూపర్‌వైజర్‌ను పెట్టినవనుకో. పోగు తెగితే రాస్తడు, మంచిదే. తెగకపోతే తెగలేదని రాస్తడు. కండె ఒడిస్తె రాస్తడు, తిరుగుతుంటె తిరుగుతున్నదని రాస్తడు. నేసేటోన్ని ఆపి ఇప్పుడేం చేసినవ్ అని అడుగుతడు, వాడు చెప్తడు, ఇగో నన్ను చూసి చెప్పినవ్ అని గదీ రాస్తడు.”

“మరి బట్ట ఎప్పుడు నేస్తడే?”

“గదే నేను మా పెద్దసారును అడిగిన! ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? మానిటర్ పనేంది, మిషన్ల జరిగే ప్రతి కదలిక రాసుడు. రాసుడు సుత ఒక కదలికనే గదా? గందుకని, నేనొక గీత రాసిన్నని ఇంకో గీత రాసింది. గా గీత రాసిన్నని మల్లొకటి. తన రాత తానే రాసుకుంట పోయింది, కుక్క తన తోక ఎంబడి తిరిగినట్టు.”

లింగన్న తొడ చరుసుకున్నడు. “మస్తు కోత కోసినవన్నా! రాసిన్నని రాసుకునే ఎడ్డిది లోకంల ఎక్కడుంటది?”

సంధ్య నవ్వలే. “మామా, గది నిజమేనా?” అని అడిగింది గని మామ అప్పటికే ముంగటికి ఉరికిండు.

“ఆరు పది అయింది, పది నలభై అయింది. నలభై దాటంగనే ప్రింటర్ దానంతట అదే మొదలువెట్టింది. కాయిదం గది నిండింది, మెట్లు దిగింది, గేటు దాటి రోడ్డెక్కింది. ట్రాఫిక్ పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టిండు. ఆయన చెయ్యి కిందికెళ్ళి పోయింది. సీదా సికింద్రాబాద్ స్టేషన్‌కు పోయి రైలెక్కింది. నమ్మకం లేకుంటె మల్లాపూర్‌ల అడుగున్రి, ఆడ ఇప్పటికీ మిర్చీలు గా కాయిదంలనే కట్టిస్తరు.”

“మల్లాపూర్‌కు రైలు యాడిదే?” అన్నడు లింగన్న.

“కోరుట్లల దిగి ఆటో ఎక్కింది. నువ్వు నడిమిట్ల మాట్లాడకు, తాడు తెగుతది. ఇటు ఏటీఎంలు ఉన్నయా? వెల్గటూర్‌ల ఒకాయన కార్డు పెట్టిండు, ఇది ఇప్పట్ల తేలేది కాదని గోదావరికి పోయి తానం చేసిండు, దీపం ఇడిసిండు, తడిబట్టలు ఆరేసుకున్నడు, కట్టుకున్నడు, తిరిగొస్తె గప్పుడు పిన్ను కొట్టుమని అడిగింది. ఇంకో పిలగాడు, పిన్ను కొట్టినప్పుడు వానికి పెండ్లి కాలే. నోట్లు బయటికి వచ్చేటాళ్ళకు బిడ్డను సంకనెత్తుకొని అందుకున్నడు.”

నర్సక్క పొయ్యి కాడికెళ్ళి తలెత్తింది. “పెండ్లెప్పుడు చేసుకున్నడన్నా, గా డబ్బాల్నేనా?”

“లైన్ల ఎనుక నిలవడ్డ పిల్లనే చేసుకున్నడు నర్సక్కా! పురోహితుడు పాసుబుక్కు ప్రింటు కోసం ఆడనే ఉండె.”

దశరథం నవ్వి నవ్వి దగ్గిండు. మార్కండేయులుకు ఊపు వచ్చింది. గిలాస పక్కకు పెట్టి రెండు చేతులు ఖాళీ చేసుకున్నడు.

“ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? మిషన్ కాగింది. ఏసీలు ఆవిరి కక్కినయి. దాని నెత్తి మీద గిన్నె పెట్టి స్టాఫందరికీ చాయ్ చేసిన. ఏమనుకోకు నర్సక్కా, నీ చాయ్ కన్న చిక్కగైంది. గా వేడిగాలి కిటికీల పడి ఉత్తరం దిక్కు మర్లింది. ఆ ఏడు జగిత్యాల మామిడికాయలు ఏ మందూ లేకుండ శివరాత్రికే పండినయి.”

“శివరాత్రికి మా తోట పూతల్నే ఉంటదన్నా, ఏ ఏడైనా,” అన్నడు లింగన్న.

“మీది కొడిమ్యాల. గాలి అటు రాలే, జగిత్యాల టవర్ కాడ ఎడమకు తిరిగింది.”

లింగన్న ఏదో అనబోయి, ఎటు దిక్కు ఎడమనో తేల్చుకోలేక ఊకున్నడు.

సంధ్య ఫోన్ల టైం చూసింది. ఆరింటికి ఎక్కువ సేపు లేదు. మామ ముచ్చట్లు చిన్నప్పుడు ఇంటుంటే అన్నం తినుడు మరిచిపోయేది. ఇయ్యాల గా ముచ్చటల్నే ఒక్క నిజం కోసం దేవులాడుకుంట కూసున్నది. ఆరా, నలభయ్యా? మానిటర్‌ను బంద్ పెట్టిండా, పెట్టలేదా? ఇంట్ల అడిగితే మంచిగుండేది, ఈడ జనం ముంగట మామకు నిజం చెప్పుడు అంటే అంగీ ఇప్పినంత సిగ్గు.

“బెంగళూరుకెళ్ళి ఒకడు దిగిండు,” మార్కండేయులు చెప్తనే ఉన్నడు, “బొంబాయికెళ్ళి ఒకడు, సముద్రాల అవుతలికెళ్ళి ఒక తెల్లదొర. ముగ్గురు మిషన్ చుట్టూ తిరిగిన్రు, తట్టిన్రు, చెవి పెట్టి ఇన్నరు. దొర గోడకు మొఖం పెట్టి ఏడ్సిండు. నేను ‘జరుగున్రి’ అన్న. చేతులు కడుక్కొని కుర్సీల కూసున్న. ఒక్క అక్షరం కొట్టిన, మానిటర్ బంద్. దాని మీద నిగా పెట్టిన ఇంకో మానిటర్ ఉండె, గదీ బంద్. ఆ రెండిటినీ కనిపెట్టే మూడోది ఉండె, దాన్ని చెవువట్టి గుంజి బంద్ చేసిన. చూసే కన్నన్నది ఒక్కటి ఉంచలే.”

“శభాష్!” అన్నడు దశరథం.

“ఇగ మిషన్ ఊపిరి పీల్చిందయ్యా! శనివారం పని చిటికెల ఒడిసింది. ఖాళీగ ఎట్ల కూసుంటది? ఆదివారంది చేసింది. వచ్చే నెలది చేసింది. ఇంక నౌకరిల ఉన్నోళ్ళకు పింఛన్లు ఏసింది. పుట్టని పిల్లల పేర్ల మీద ఖాతాలు తెరిసింది, అవ్వయ్యలకు నేనే ఫోన్ చేసి, అమ్మా మీకు పుట్టబోయేది ఆడపిల్ల, పేరు ప్రియదర్శిని అని మిషన్ పెట్టింది, మార్చేదుంటె ఇప్పుడే చెప్పున్రి అని అడిగిన. ఆఖరికి నేనే మిషన్ కాడికి పోయి, జెర ఆగవే తల్లీ, లోకం నీ ఎనుక రావాలె గద అని బతిలాడితె నిమ్మలమైంది. గప్పుడు అది ఎంత సత్తువ మీద నడుస్తున్నదో ఎరికేనా? మూడు! నూట్ల మూడంటె మూడే పాళ్ళు! స్క్రీన్ మీద గీ రెండు కండ్లతోని చూసిన.”

బల్ల మీద ఒక్కటే గలగల. దశరథం సంధ్య దిక్కు తిరిగిండు, కండ్లల్ల నీళ్ళు తుడుసుకుంట. “ఇన్నవా బిడ్డా? ఇగ నీకేం ఫికర్? మీ సారు ఫోన్ చేస్తడట గద, తీసి అవుతల పారేస్తున్న అని చెప్పు.”

మార్కండేయులు నవ్వు మొఖంతోనే మేనకోడలు దిక్కు చూసిండు.

సంధ్య మెల్లగ అడిగింది. “మామా, చూసే కన్ను ఒక్కటి సుత ఉంచలే అన్నవ్ గద.”

“ఒక్కటి ఉంచలే.”

“మరి నూట్ల మూడని నీకు చూపిచ్చింది ఎవలు?”

మార్కండేయులు గిలాస అందుకున్నడు, అండ్ల చాయ్ లేదు. కింద పెట్టిండు.

మొదలు అర్థమైంది లింగన్నకు. కడుపు పట్టుకొని వంగిండు. దశరథంకు జెర ఆలస్యంగ ఎలిగింది. “అవ్ గదా! కండ్లు పీకి, ఇప్పుడేం కనవడ్తుందని అడిగినట్టున్నది!” నర్సక్క సుత నవ్వి, ఊకనే మార్కండేయులు ముంగట ఇంకో చాయ్ పెట్టి పోయింది.

సంధ్య మాత్రం నవ్వలే. “మామా, పరాష్కానికి అడుగుతలేను. రేపు నేను చెప్పిన మాట తప్పైతే ఎవలో ఆస్పత్రిల మంచం ఇడువలేక కూసుంటరు. మీ సెంటర్ల నిజంగ బంద్ పెట్టిన్రా?”

మార్కండేయులు ఆ పిల్ల మొఖం దిక్కు చూసిండు. ఇన్నేండ్ల సంది ఎవలికి చెప్పినా నవ్వే మొఖాలే చూసిండు. ఇది నవ్వే మొఖం కాదు, షిఫ్టుల కూసున్న మొఖం. గసొంటి మొఖం ఆయనకు ఎరికే, అద్దంల చూసుకున్నదే.

“లేదు బిడ్డా,” అన్నడు. గొంతు సుత మారింది. “బంద్ పెడితె అది బతికిందో సచ్చిందో ఎట్ల తెలుస్తది? ఎవలు పెడ్తరు? ఆరు తినుడు నిజం. నలుగురం కూసున్నం. ప్రతి కదలిక రాసుడు తీసేసి, ఆగిన పనులు, ఫెయిలైన పనులే రాయమని చెప్పినం. క్షణానికోసారి అడిగేది నిమిషానికోసారి అడుగుమన్నం. ఒక్కోటి తీసుడు, వారం చూసుడు. గట్ల గట్ల ఆరు ఒకటిన్నరకు దిగింది. సోమవారం పొద్దున బ్యాంకు తెరిసేటాళ్ళకు పని అయిపోయి ఉంటుండె. ఎవ్వలకూ తెల్వలే. తెల్వకపోవుడే మా పని.”

“మరి తన రాత తానే రాసుకునుడు?”

“గదొక్కటి పురా నిజం,” అన్నడు మార్కండేయులు. “మొట్టమొదలు పట్టుకున్నది గదే. దానికి దాని పేరు చెప్పి, గీన్ని రాయకు అని చెప్పాలె. మేము చెప్పుడు మరిచినం.”

లింగన్న నవ్వు ఆగింది. అన్నిటికన్న పెద్ద కోత అని తను తొడ చరిసింది దానికే.

సంధ్య సంచిలకెళ్ళి ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టింది. దశరథం గిలాసలు జరిపి జాగ ఇచ్చిండు. నిన్నటి రాత మొత్తం తెరిసి, అండ్ల మానిటర్ పేరున్నయి ఏరుమని మిషన్‌కు చెప్పింది. ఏరుడు అయ్యేదాంక మార్కండేయులు కండ్లద్దాలు పెట్టుకొని ఆమె భుజం మీదికెళ్ళి చూస్తనే ఉన్నడు. లెక్క వచ్చింది. సగానికి మీద గీతలు మానిటర్ రాసినయే, మానిటర్ గురించే.

సంధ్య నెత్తి కొట్టుకున్నది. ఇన్ని రోజులు కండ్ల ముంగట ఉన్నది. “నేను సుత చెప్పలే మామా,” అన్నది. పాడైంది తను తెచ్చిన కాపలా కాదు, దానికి తను చెప్పిన మాట. మాట మార్చొచ్చు.

ఆరింటికి ఫోన్ మోగింది.

“చెప్పు సంధ్యా, తీసేద్దామా?” అన్నడు విశ్వజిత్.

“వద్దు సార్,” సంధ్య ఆఫీసు మాటలకు మారింది. “అది రాసేదాంట్లో సగం దాని గురించే రాసుకుంటోంది. ఆ సగం ఇప్పుడే ఆపేస్తాను. రేపు చూసుకుని, ఫెయిలైన పనులు తప్ప మిగతావి ఒక్కొక్కటిగా తగ్గిస్తాను. కాపలా మాత్రం ఉండాలి సార్. పోయినేడు మర్చిపోలేను.”

విశ్వజిత్ అడిగిండు. “ఇట్లా ఇంతకుముందు ఎవరైనా చేశారా? లేక ఊహేనా?”

“మా మామ చేసిండు... చేశారు సార్. బ్యాంకులో. ఇక్కడే ఉన్నారు.”

“ఒకసారి ఇస్తావా?”

సంధ్య ఫోన్ మామ చేతికిచ్చింది. దశరథం బల్ల మీద ముంగటికి జరిగిండు. లింగన్న చెయ్యి చెవు కాడ పెట్టుకున్నడు. ఇగ సూడు, హైదరాబాద్ సారుకు ఎంత పెద్దది కోస్తడో అని ఇద్దరికీ ఒక్కటే ఆత్రం. మార్కండేయులు అంగీ సదురుకున్నడు, ఎన్ను నిలవెట్టి కూసున్నడు.

“నమస్తే సార్,” అన్నడు. “నూట్ల ఆరు ఉండె. ఒకటిన్నరకు తెచ్చినం. మూడు వారాలు వట్టింది. నేనొక్కన్నే కాదు, నలుగురం. మీ పిల్ల చెప్పింది సరైంది. ఉంట.”

ఫోన్ తిరిగి సంధ్య చేతుల పెట్టిండు. సంధ్య అటు దిక్కు ‘సరే’ అన్న మాట ఇని, “థాంక్యూ సార్,” అని పెట్టేసి, ల్యాప్‌టాప్ మీదికి వంగింది. ఆ రాత్రి మిషన్ పని తెల్లారకముందే ఒడిసింది, పొద్దున ఆస్పత్రులకు మంజూర్లు పోయినయి. గని గది తెల్లారినంక ముచ్చట.

అప్పటికైతే బల్ల మీద దశరథం మొఖం చిన్నబోయి ఉన్నది. దావత్‌కు పిలిచి ఉత్త నీళ్ళు తాపిచ్చినట్టైంది ఆయనకు.

“గంతేనా అన్నా?” అన్నడు. “గంత పెద్ద సారు దొరికితే దొర ఏడ్సుడు చెప్పవైతివి, ఒక్క కోత కోయవైతివి!”

మార్కండేయులు నర్సక్క పెట్టిన రెండో చాయ్ అందుకున్నడు.

“ఆయన పని మీదున్నడు దశరథం,” అన్నడు. “నువ్వు చాయ్ మీదున్నవ్.”